టీకా మీద నమ్మకం ఎవరి బాధ్యత?



పిల్లలకు టీకా వేయించే రోజు వచ్చేసరికి మన ఇళ్లలో రెండు మాటలు వినబడుతుంటాయి. "డాక్టర్లు చెప్పారు కదా, ఇంకేం ఆలోచించక్కర లేదు" అని కొందరు. "ఏదో దాస్తున్నారు, మనం వేయించవద్దు" అని మరికొందరు. పైకి ఇవి ఎదురెదురు మాటలే గాని, రెండింటిలోనూ లోపం ఒక్కటే. విచారించి తెలుసుకునే శ్రమను రెండూ తప్పిస్తాయి. ఎవరిని, ఏ ఆధారం మీద, ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నను మనం తప్పించుకోలేము.

మన ప్రాంతంలోనే జరిగిన ఒక సంగతిని తీసుకుందాం. 2009 జూలైలో, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమమది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటిదే జరిగింది. కొన్ని నెలలకు, టీకా వేయించుకున్నవారిలో ఏడుగురు బాలికలు మరణించారన్న వార్త బయటకు వచ్చింది. దేశమంతా ఉలిక్కిపడింది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసి, విచారణ కమిటీని నియమించింది.

ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని కమిటీ తేల్చింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా వంటివి కారణాలుగా బయటపడ్డాయి. మన పెద్దలు తర్కంలో కాకతాళీయమని ఒక మాట చెప్పారు. కాకి వచ్చి వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. అంతమాత్రాన కాకి రాల్చిందని చెప్పగలమా? వేలమంది పిల్లలకు టీకా వేస్తే, తర్వాతి నెలల్లో వారిలో కొందరికి ఏదో ఒక ఆపద రావడం, టీకా లేకపోయినా జరిగేదే. అందుకే నిపుణులు ప్రతి మరణాన్నీ విడిగా విచారిస్తారు. ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఎన్ని మరణాలు ఉంటాయో, ఇక్కడ ఎన్ని ఉన్నాయో పోల్చి చూస్తారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ లెక్క ఓదార్పు కాదు, నిజమే. అయినా ఆ లెక్క లేకుండా సత్యం తెలియదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. అదే కమిటీ సమ్మతి పత్రాలను తిరగేసింది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన చోట, 2,700కు పైగా పత్రాల మీద హాస్టల్ వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకం చేశారు. చాలామంది బాలికలు గిరిజన కుటుంబాలవారు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ మనం రెండు సంగతులను విడదీసి చూడాలి. టీకా మంచిదే. అయినా అడగవలసినవారిని అడగకపోవడం తప్పే. "మేలే చేస్తున్నాం గనుక అడగనక్కర లేదు" అనే మాటలో పేదవారి పట్ల చిన్నచూపు దాగి ఉంది. చదువురాని తల్లికి కూడా తన బిడ్డ విషయంలో తెలుసుకునే హక్కు ఉంది. మన విచారణల్లో హాస్టళ్లు నడిపే గురువులకూ సిస్టర్లకూ కూడా ఇది వర్తిస్తుంది. ఆ చిన్నచూపుకు మూల్యం ఎంతో గమనించండి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ టీకా జాతీయ కార్యక్రమంలోకి రాలేకపోయింది. మన దేశంలో ఏటా 70,000 మందికి పైగా స్త్రీలు అదే క్యాన్సర్‌తో మరణిస్తున్నారు.

మరి నమ్మకం ఎట్లా పుడుతుంది? 1998లో అమెరికాలో పసిపిల్లల విరేచనాలను అరికట్టడానికి రోటాషీల్డ్ అనే టీకాకు అనుమతి ఇచ్చారు. ఏడాది తిరగకముందే, పేగులో పేగు చొచ్చుకుపోయే జబ్బు కొందరు పిల్లల్లో కనబడుతోందని డాక్టర్ల నుండి నివేదికలు వచ్చాయి. 1999 జూలై నాటికి అందినవి 15 మాత్రమే. వెంటనే టీకా ఆపమన్నారు. అక్టోబరులో కంపెనీ దాన్ని ఉపసంహరించుకుంది. ప్రమాదం సుమారు పదివేల మందిలో ఒకరికని తర్వాత తేలింది. ఆ అనుభవంతో, తరువాత వచ్చిన రోటావైరస్ టీకాలలో రెండింటిని ఒక్కొక్కటి 60,000కు పైగా పసికందుల మీద పరీక్షించాకే అనుమతించారు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కేంద్రాల్లో రోటావైరస్ చుక్కలు మొదలయ్యాయి. హైదరాబాదులో తయారైన రోటావాక్ కూడా ఈ కోవలోదే. ఈ టీకాల మీద నిఘా నేటికీ సాగుతోంది.

"ప్రమాదమే లేదు" అని ఒట్టు పెట్టేవారికన్నా, "ఇదిగో, ఈ ప్రమాదం కనిపెట్టాం, ఇంతమందిలో ఒకరికి" అని చెప్పేవారే నమ్మదగినవారు. మన దేశంలో కూడా టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను పరిశీలించడానికి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో కమిటీలున్నాయి. 2022 మే 2న సుప్రీంకోర్టు కోవిడ్ టీకాల కేసులో తీర్పు చెబుతూ, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదన్నది. ఇబ్బందులు కలిగినవారూ ప్రైవేటు డాక్టర్లూ నేరుగా తెలియజేసే వీలు కల్పించాలని, ఆ వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. అధికారులు ఈ బాధ్యతను ఎంత నిజాయితీగా నెరవేరిస్తే, మన నమ్మకానికి అంత ఆధారం ఉంటుంది.

మన బాధ్యత కూడా తక్కువేమీ కాదు. నిఘా అన్నది ఢిల్లీలో మొదలవదు, మన ఇంట్లో మొదలవుతుంది. టీకా వేయించాక అరగంట కేంద్రంలోనే కూర్చోండి. తరువాత బిడ్డకు ఏదైనా తేడా చేస్తే, అది టీకా వల్లనా కాదా అని మీరే తేల్చుకోనక్కర లేదు. ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకో వెంటనే చెప్పండి. చెప్పని సంగతిని ఏ కమిటీ విచారించలేదు. సంతకం పెట్టేముందు చదివించుకోండి, అడగండి. ఎవరో పంపిన భయంకర వార్తను నిజం తెలియకుండా ఫోనులో పదిమందికి పంపకండి. అబద్ధ సాక్ష్యానికి అది ఎంతో దూరం కాదు.

ఈ వారమే పిల్లల టీకా కార్డు బయటకు తీసి, ఏవి వేయించారో, ఏవి మిగిలాయో భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడండి. సందేహాలుంటే కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. జవాబు అర్థమయ్యేదాకా అడగండి. అర్థమయ్యాక ఇక ఆలస్యం చేయకండి.