పిండికోడి, బోనులో ఎలుక

సోమదేవసూరి 959లో, నేటి కరీంనగర్ జిల్లా గంగాధరలో, యశస్తిలక చంపూకావ్యమును ముగించెను. అందు యశోధర మహారాజు పీడకలకు శాంతిగా ప్రాణిని బలియిచ్చుటకు ఒప్పుకొనడు. తుదకు తల్లి చంద్రమతి మాటపై పిండికోడిని నరుకును. పిండికి నొప్పి లేదు. అయినను తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, కడకు కోళ్ళుగా పుట్టి బాధపడిరి.

అట్లయిన నేడు కప్పకు బదులు కప్పబొమ్మను కోయు విద్యార్థి గతి ఏమి? భయము లేదు. రాజు బొమ్మలో కోడినే చంపదలచెను. విద్యార్థి కప్పను బ్రతకనిచ్చుటకు బొమ్మను పట్టెను. చేత ఒకటే, తలపు వేరు. బొమ్మ దేనినీ కోరదు, కాదనదు. బోనులోని ఎలుక సూదిని చూచి వెనుకకు జరుగును. అది కాదనుట గాక మరేమి?

చిక్కంతయు వర్తకులమైన మనది. సౌందర్యసాధనములను జంతువులపై పరీక్షించుట మన దేశమున 2014లో నిషేధింపబడినది. వాడిపట్టి కొట్టులో పౌడరు డబ్బా అమ్మువారికి ఆ మేరకు చింత తగ్గినది. మందుల మాట అట్లు కాదు. 2023 నియమ సవరణ జంతువులు లేని పరీక్షలకు త్రోవ తెరచినదే కాని, ఎలుకను బోను విడిపింపలేదు. కృత, కారిత, అనుమోదనములు మూడును కర్మకు ద్వారములే అనుకొను మనము బిల్లు వ్రాయునప్పుడు ఏ ద్వారమున నిలుచున్నట్లు? జ్వరపడిన బిడ్డకు మందు మానుమని నేననను. జంతువులపై పరీక్షింపని సరుకేదని కంపెనీ ఏజెంటును అడుగుటకు మాత్రము పైసా ఖర్చు లేదు, అడుగువారే అరుదు.