ఊరికే ఉన్న చెట్టు

ఇద్దరు పిల్లలున్న ఏ తల్లినైనా పట్టుకుని, "మీకు ఎవరంటే ఎక్కువ ఇష్టమండీ?" అని అడిగి చూడండి. "ఇద్దరూ నాకు రెండు కళ్ళు" అంటుంది. ఇన్నాళ్ళూ నేనూ అదే అంటూ వచ్చాను. అయితే నలభై దాటాక కళ్ళ డాక్టరు దగ్గరకు వెళితే తెలిసింది, నా రెండు కళ్ళదీ ఒకే నంబరు కాదట!

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? మా పెరట్లో నాలుగు రేగుచెట్లున్నాయి. కథంతా వాటిదే.

మాది బోగోలు. నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా, హైవే మీద ఉంటుంది. పక్కనే బిట్రగుంట స్టేషను. బొగ్గు ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డుతో ఓ వెలుగు వెలిగింది. తూర్పుగా పోతే జువ్వలదిన్నె, ఆపైన సముద్రం. మా పెరటి నేలలో ఇసక పాలు ఎక్కువ. గులాబీలు పెట్టి ఏడ్చాను. బత్తాయి పెట్టి ఏడ్చాను. చివరికి నన్ను నవ్వించింది రేగు ఒక్కటే.

నాలుగింట్లో మూడు అంటుమొక్కలు. ఏడేళ్ళ కిందట రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసీవేయగానే మావారిని కడియం నర్సరీలకు లాక్కుపోయి కొనిపించాను. ఒకటి ఉమ్రాన్. కోలగా, పసుపుపచ్చగా ఉండి, బాగా పండితే గోధుమరంగుకు తిరుగుతుంది. రెండోది గోలా. పేరుకు తగ్గట్టే గుండ్రం, అందరికన్నా ముందు పండుతుంది. మూడోది ఆపిల్ బేర్. థాయ్‌లాండ్ వైపునుంచి వచ్చిన రకం. పచ్చగా, నున్నగా, జామకాయేమో అనిపిస్తుంది.

నాలుగోది నాటు రేగు. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ నాటలేదు. మేం ఇల్లు కట్టుకునేనాటికే ఆ మూల నిలబడి ఉంది. ఏ పిల్లాడు ఉమ్మేసిన గింజో, ఏ పిట్ట తెచ్చి పడేసిందో! ఒళ్ళంతా ముళ్ళు. దగ్గరికి పోతే కొంగు పట్టుకుని వదలదు.

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలు తప్పించుకోవడానికే ఆ చదువు చదివాను. అయినా ఏం బుద్ధి పుట్టిందో, చెట్లు కాపుకు రాగానే ఒక నోటుపుస్తకం తెరిచాను. బరువు, రంగు, తీపి, గుజ్జు, పురుగు లేకపోవడం అని అయిదు గళ్ళు. గడికి పది మార్కులు. వంటింటి త్రాసులో తూస్తే ఆపిల్ బేర్ ఒక్కటే 80 గ్రాములు, ఉమ్రాన్ 30. నాటు రేగును ఒక్కదాన్నే వేస్తే త్రాసు ముల్లు కదిలితేనా! రుచి చూడ్డానికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నిష్పక్షపాతంగానే వేశాను మార్కులు. ఉమ్రాన్‌కు యాభైకి 41. గోలాకు 38. బరువులో పదికి పది కొట్టినా తీపిలో చప్పబడిపోయి ఆపిల్ బేర్‌కు 36. నాటు రేగుకు 16. అంటే ఫెయిలు. ఏటా ఫెయిలే.

రేగు అప్పుడే వేసిన కొత్త కొమ్మ మీద కాస్తుంది. అందుకని ఎండాకాలంలో పాత కొమ్మలు కొట్టించాలి. పోయిన వేసవిలో ఆ పనికి వచ్చిన ముసలాయన, "ఆ మూల చెట్టు తీసేద్దామా అమ్మా? దాని నీడంతా ఈటి మీద పడతా ఉంది. కాసేయి చూస్తేనా, సగం పురుగులే" అన్నాడు. నోటుపుస్తకం చూడకుండానే నా మార్కులన్నీ చెప్పేశాడు! "సంక్రాంతి పోనీలే, తర్వాత చూద్దాం" అన్నాను.

సంక్రాంతికి మా అమ్మాయిలిద్దరూ వచ్చారు. పెద్దది మద్రాసులో ఉద్యోగం చేస్తోంది, చిన్నది తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఏదో వెతుకుతుంటే చిన్నదానికి ఆ పుస్తకం దొరికింది. ఒక్కొక్క పేజీ పైకి చదువుతూ ఒకటే నవ్వు. నాటు రేగు పేజీ దగ్గర ఆగి, నవ్వుతూనే అడిగింది:

"అమ్మా, మా ఇద్దరికీ కూడా ఇట్టాంటి పుస్తకం పెట్టావా?"

"ఛ, అవేం మాటలే!" అన్నాను. అందరం నవ్వేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పుస్తకం పెట్టలేదు, నిజమే. పెట్టవలసిన అవసరమేముంది, నోరుందిగా! అది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల్లో మార్కులు తక్కువొస్తే, "మీ అక్క ఈ వయసులో..." అని మొదలుపెట్టాను. ఆ వాక్యం ఎలా పూర్తిచేశానో నాకు జ్ఞాపకం లేదు. దానికి ఉండే ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ ఒక్క ప్రోగ్రెస్ కార్డూ నా దగ్గరకు రాలేదు. అన్నిటి మీదా వాళ్ళ నాన్న సంతకమే. ఆయన తీరిగ్గా ఉంటారు కనుక అక్కడికి పోతోందనుకున్నాను. మనకు ఇష్టమైన కారణం ఇట్టే దొరుకుతుంది, చూశారూ!

బేరీజు వేయడం తప్పా, మీరే చెప్పండి. కూరల బజారులో వంకాయ ఏరకుండా కొంటామా? శబరి అంతటిది రేగుపళ్ళు కొరికి చూసి, తియ్యనివే రాముడికి పెట్టిందని చెప్పుకుంటాం. ఆ ఎంగిలి మాట వాల్మీకంలో లేదు. కానీ జనానికి ఆ కథంటే ప్రాణం. ఆవిడా బేరీజు వేసింది కదా అని రాత్రంతా నన్ను నేను సమర్థించుకున్నాను. తెల్లారేలోగా తేడా తెలిసివచ్చింది. శబరి పులుపు పండును పక్కన పెట్టిందే కానీ, "పక్క పండును చూసి నేర్చుకో" అనలేదు.

మర్నాడు భోగి. సాయంత్రం మా మరిది కూతురికి, రెండేళ్ళ పసిదానికి, భోగిపళ్ళు. నా ఉమ్రాన్ పళ్ళు బుట్టెడు కోసి, గొప్పగా తెచ్చి పీట పక్కన పెట్టాను. మా అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని నావంక చూసింది.

"ఏంది, పసిదాని నెత్తిన రాళ్ళు పోస్తావా? పో, ఆ మూల చెట్టువి కోసుకురా."

ఫెయిలైన చెట్టు కిందికి బుట్ట పట్టుకుని పరుగెత్తాను. చిట్టి చిట్టి ఎర్రటి పళ్ళు, చిల్లర డబ్బులు, చెరుకు ముక్కలు, పూలరేకులు కలిపి పోస్తే, అవి జలజలా రాలుతుంటే ఆ పిల్ల నవ్విన నవ్వు ఏ గడిలో వేయను?

పండగ వెళ్ళిన మర్నాడు రోట్లో రేగువడియాలకు దంచుతున్నాం, నేనూ చిన్నదీ. పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, బెల్లం వేసి, పళ్ళు గింజలతో సహా కచ్చాపచ్చాగా నలగగొట్టి ఎండబెట్టడం. దీనికి నాటు రేగే కావాలి. ఆ పులుపు అంటుపళ్ళలో ఎక్కడిది? సందు దొరికింది కదా అని నాటు చెట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

"తెలుసా, ఆ అంటుచెట్ల కింద వేరు కూడా నాటు రేగుదే. నాటు గింజ మొలిపించి, దాని మీద మంచి రకం కన్ను తెచ్చి అతికిస్తారు. నీళ్ళకోసం ఇసకలో లోతుకు దిగేదంతా ఆ వేరే. అంటు కింద దాని సొంత చిగురు వస్తే మాత్రం గిల్లేస్తాం. పేరంతా పైదానిది."

"ఊఁ" అంది.

"చలి దేశాల్లో క్రాబ్ ఆపిల్ అని ఉంటుంది. చిట్టి ఆపిల్, పుల్లటి పులుపు. దాన్ని ఆపిల్ తోటల మధ్య కావాలని నాటతారు. చాలా ఆపిల్ రకాలు తమ పుప్పొడితో తాము కాయలేవు. ఇంకో రకం పుప్పొడి కావాలి. తేనెటీగలు ఈ పుల్ల చెట్టునుంచి తీసుకెళ్తాయి. చూశావా, ఎవరి ఉపయోగం వాళ్ళది!"

నా కేసు గెలిచాననే అనుకున్నాను. అది రోకలి ఆపింది.

"అంటే నాటు చెట్టు వడియాలకు పనికొచ్చింది కాబట్టి బతికిపోయింది. భోగిపళ్ళకు పనికొచ్చింది కాబట్టి బతికిపోయింది. దేనికీ పనికి రాకపోతేనో?"

నవల రాసేటప్పుడు పాత్రలకు జవాబులు ఇట్టే అందిస్తాను. ఆ క్షణాన నాకు ఒక్కటీ అందలేదు. నేను చేసిందేమిటి? పాత పుస్తకంలో అయిదు గళ్ళుంటే, ఇంకో మూడు గళ్ళు కలిపాను. పులుపుకు పది, వేరుకు పది, పుప్పొడికి పది! ఫెయిలైనదాన్ని పాసు చేయించాను. కానీ పరీక్ష పరీక్షే కదా. "మా చిన్నదానికి లెక్కలు రాకపోయినా చెయ్యి మంచిదండీ, వంట బాగా చేస్తుంది" అని చుట్టాల దగ్గర నేను చెప్పే మాట కూడా ఇలాంటిదేనని అప్పుడు తట్టింది. దాని తరఫున వాదిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. అసలు దాన్ని బోనెక్కించిందెవరు?

పండ్లను పోల్చుకోవచ్చు. తప్పేమీ లేదు. ఏ పనికి ఏది అని అడిగితే త్రాసు నిజమే చెబుతుంది. చెట్టు ఉండాలా వద్దా అన్నదానికి త్రాసు తీస్తేనే చిక్కు. ఇక పిల్లల మాటకొస్తే, వాళ్ళు దేనికోసమూ కాదు. మనింట్లో పుట్టారు, అంతే. పాసైతే ఉంచుకోవడానికి, ఫెయిలైతే తీసేయడానికి వాళ్ళను మనం నర్సరీలో ఏరి తెచ్చుకోలేదు.

"పనికి రాకపోయినా ఉంటుందిలే" అన్నాను చివరికి. అది నావంక ఒకసారి చూసి, మళ్ళీ దంచడం మొదలుపెట్టింది.

మొన్న కొమ్మలు కొట్టడానికి ముసలాయన మళ్ళీ వచ్చాడు. గొడ్డలి భుజాన వేసుకుని మూల చెట్టు వంక చూశాడు.

"పండగ పోయింది గదమ్మా. తీసేద్దునా?"

"వద్దులే. ఉండనీ."

"ఎందుకమ్మా అది?"

వడియాల సంగతీ, భోగిపళ్ళ సంగతీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"ఊరికే" అన్నాను.

ఆయన నన్నొక వింతమనిషిని చూసినట్టు చూసి, మిగతా మూడింటి పని చూసుకున్నాడు. నీడకు ఈ ఏడు ఉమ్రాన్ ఓ గంపెడు తక్కువే కాస్తుందేమో. కాయనీ.

అన్నట్టు, పండక్కొచ్చిన చిన్నది తిరుపతి వెళ్ళేటప్పుడు ఒక డబ్బా నిండా నాటు రేగుపళ్ళు పోసుకుంది. "సగం పుచ్చులుంటాయే, ఉమ్రాన్ పట్టుకెళ్ళు" అన్నాను, అలవాటు చొప్పున.

"తెలుసమ్మా" అని మూత బిగించింది.