ఆ పళ్లెం ఎవరిది?

ఎమ్మిగనూరు పక్కన మా తాండాలో, మా పెదనాన్న ఇంట్లో ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉంది. నల్ల రంగు మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు రాసి ఉంటాయి. మిలిట్రీకి పోయి వచ్చినవాళ్ల ఇళ్లలో ఇలాంటి పెట్టె మీరూ చూసే ఉంటారు. అందులో కంబళి, డిశ్చార్జి పుస్తకం, కొన్ని ఫోటోలు, రిబ్బను రంగు వెలిసిన పతకాలు ఉంటాయి. మా పెదనాన్నవి రెండు పతకాలు, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్. 1971 యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చినవి. అంచు మీద చిన్న అక్షరాలతో ఆయన నంబరు, పేరు చెక్కి ఉన్నాయి.

ఇవి కాక ఒక అల్యూమినియం పళ్లెం కూడా ఆయన తెచ్చాడు. అది పెట్టెలో ఉన్న రోజులు తక్కువ. ఇంట్లో గిన్నెలు చాలక పెద్దమ్మ దాన్ని బయటికి తీసింది. ముప్పై ఏళ్లకు పైగా మేమంతా అందులో జొన్నరొట్టె, పుండికూర తిన్నాం. పళ్లెం అడుగున మేకుతో గీసినట్టు ఉర్దూ అక్షరాలు ఉండేవి. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. అడిగితే పెదనాన్న "అది అక్కడ దొరికింది" అనేవాడు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఆయన లారీ డ్రైవరు. పిండి, బియ్యం, పప్పు ముందుకు మోసుకుపోవడమే ఆయన యుద్ధం. జెసోర్ దగ్గర పాకిస్తాన్ సైన్యం ఖాళీ చేసిపోయిన శిబిరంలో ఆ పళ్లెం దొరికిందని మాత్రం ఒకసారి చెప్పాడు.

ఆయన పోయిన తర్వాత ఒక ఆగస్టు పదిహేనుకు మేము బడిలో చిన్న ప్రదర్శన పెట్టాం. పిల్లలు ఇళ్లలోంచి పాత వస్తువులు తెచ్చారు. మేము పతకాలు, పళ్లెం తెచ్చాం. పళ్లెం ముందు ఒక అట్టముక్క మీద "శత్రువు నుంచి గెలుచుకున్నది" అని మా చేతులతోనే రాసిపెట్టాం. ఆదోని నుంచి వచ్చిన ఉర్దూ మాస్టారు దాన్ని తిప్పి చూసి, "ఇది ఒక మనిషి పేరండీ, కింద ఆయన నంబరు" అన్నారు. పేరు చదివి వినిపించారు. పిల్లలందరూ నోట్లోనే ఆ పేరు పలికి చూసుకున్నారు. ఆరో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "సార్, మరి ఆయన తర్వాత దేంట్లో తిన్నాడు?"

మేము జవాబు చెప్పలేకపోయాం. ఆ అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాం.

ఆ పిల్ల అడిగింది పళ్లెం గురించే అయినా, యుద్ధపు గుర్తులు దాచుకునే ప్రతి ఇంటికీ ఆ ప్రశ్న వర్తిస్తుందని తర్వాత మాకు తోచింది. మనం దాచుకునే వస్తువు మన గొప్పను చెబుతుందా, జరిగినదాన్ని చెబుతుందా? ఈ రెండూ ఒకటి కావు. గొప్ప చెప్పాలంటే సగం కథ చాలు. జరిగింది చెప్పాలంటే అవతలి మనిషి కూడా కావాలి.

చట్టం ఈ విషయంలో ఆ పిల్ల పక్కనే ఉంది. 1949 నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం, చిక్కిన సైనికుడి దగ్గర ఆయుధాలు తీసుకోవచ్చు. అతను కట్టుకునే బట్ట, తినే పళ్లెం మాత్రం అతనివే. చనిపోయినవారి దగ్గర దొరికిన గుర్తు వస్తువులు వాళ్ల ఇంటివాళ్లకు చేర్చాలి. లోకంలోని దేశాలన్నీ కూర్చుని పళ్లెం గురించి కూడా రాసుకున్నాయంటే, అన్నం తినే గిన్నె పోగొట్టుకోవడం ఎంత పెద్ద సంగతో వాళ్లకు తెలుసన్నమాట. మా పెదనాన్న దొంగతనం చేశాడని మేము అనడం లేదు. ఖాళీ శిబిరంలో మట్టిలో పడి ఉన్నదాన్ని తీసుకున్నాడు. కానీ దొరికినదాన్ని "గెలుచుకున్నది" అని రాసింది ఆయన కాదు, మేము.

ఇక మన తాతముత్తాతల దగ్గరికి వద్దాం. సుగాలీలం, బంజారాలం అని చెప్పుకునే మనం ఒకప్పుడు పెరికెద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి బతికినవాళ్లం. సైన్యాలు కదిలితే వాటి వెనక మన ఎద్దులు కదిలేవి. పదిహేడో శతాబ్దంలో మొఘలుల వజీరు ఆసఫ్ ఖాన్ బిజాపూరు మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగి, జంగి అనే మన నాయకులు ఆయన సైన్యానికి ధాన్యం అందించారని చెబుతారు. అందుకు మెచ్చి ఆయన రాగిరేకు మీద బంగారు అక్షరాలతో హక్కులు రాసిచ్చాడనీ, ఆ రేకును భంగి నాయకు వంశంవారు హైదరాబాదులో దాచుకున్నారనీ బ్రిటిష్ అధికారులు రాసిపెట్టారు. మన జాతికి అంతకంటే పేరున్న యుద్ధపు గుర్తు మరొకటి లేదేమో.

ఆ రేకు మీద ఏముందంటారో వినండి. సైన్యంతో నడిచే నాయకులు ఎవరి కుండలోని నీళ్లయినా తీసుకోవచ్చు. ఎద్దుల కోసం ఎవరి ఇంటి కప్పు మీది గడ్డయినా పీక్కోవచ్చు. రోజుకు మూడు హత్యలు చేసినా క్షమాపణే.

మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు బంగారు అక్షరాల దగ్గరే ఆగిపోతాం. ఆ గడ్డికప్పు ఎవరిది? పెంకుటింటివాడిది కాదు, మేడ ఉన్నవాడిది అసలే కాదు. గుడిసెలో ఉండే మనలాంటి వాడిదే. ఆ కాలంలో మన ఆదోని కోట కూడా బిజాపూరు ఏలుబడిలోనే ఉండేది. అంటే ఆ దండయాత్ర ఈ నేల ఏలికల మీదికి వచ్చిందే. ఇంత గౌరవం ఇచ్చిన రాజ్యాలు పోయాయి. 1871 నాటికి మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. పెరికెద్దులకు పని తగ్గింది. అదే 1871లో నేరస్త తెగల చట్టం పుట్టింది, 1911 చట్టంతో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. సంచార తెగలను పుట్టుకతోనే దొంగలుగా చూసింది. రాజులు మనల్ని పొగిడినప్పుడు సగం కథే రాశారు, తిట్టినప్పుడూ సగం కథే రాశారు. సగం కథ దెబ్బ ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ దెబ్బ పతకాల్లో కూడా కనబడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, రాంచీ, సంతాల్ పరగణాల నుంచి, ఈశాన్య కొండల నుంచి వేల మంది ఆదివాసులను కూలి దళాల్లో ఫ్రాన్సుకు తీసుకుపోయారు. వాళ్లు రోడ్లు వేశారు, కట్టె కొట్టారు, బరువులు మోశారు. యుద్ధం ముగిశాక సిపాయికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. అదే పతకాన్ని కూలి దళాలవారికి కంచుతో పోశారు. ఇలాంటి కంచు పతకం ఏ ఆదివాసీ ఇంట్లో ఉన్నా అది రెండు విషయాలు చెబుతుంది. ఆ మనిషి చేసిన పనినీ చెబుతుంది, ఆ పనికి కట్టిన విలువనూ చెబుతుంది. పతకాన్ని తోమి మెరిపిస్తే చాలదు, రెండో సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

వస్తువు కోసం ఇంటివాళ్లు ఎంత తపిస్తారో ఆల్బర్ట్ ఎక్కా కుటుంబం చూపింది. ఒరావ్ ఆదివాసీ అయిన ఆయన 1971 డిసెంబరులో గంగాసాగర్ పోరులో చనిపోయాడు. ప్రభుత్వం పరమవీర చక్ర ఇచ్చింది. సమాధి మాత్రం త్రిపురలో, ఊరేమో జార్ఖండ్‌లో. నలభై ఏళ్లు దాటాక ఆ సమాధి మట్టి ఆయన ఊరికి చేరింది. దేశంలోని అన్నిటికంటే పెద్ద పతకం ఇంట్లో ఉన్నా, ఆ ఇంటికి పిడికెడు మట్టి కావలసి వచ్చింది. అలాగే సరిహద్దు అవతల ఏదో ఇంట్లో ఒక సొట్టల పళ్లెం కోసం ఎవరైనా ఎదురుచూసి ఉండరా?

పళ్లేన్ని ఇప్పుడేం చేయాలి? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది. తమ్ముడు అద్దాల పెట్టెలో పెట్టి గోడకు కొట్టిద్దాం అన్నాడు. మేము జాగ్రత్తగా గుడ్డలో చుట్టి ట్రంకులో దాచుదాం అన్నాం. వెనక్కి పంపడానికి దారి దొరకలేదు. మా పెద్దమ్మ ఇద్దరి మాటా వినలేదు. "ఏం నాయనా, పళ్లెం తినేదానికే కదా. పెట్టెలో పెడితే ఆకలి తీరుతుందా?" అంది. ఇప్పటికీ అది గూట్లోనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా అందులోనే రొట్టె పెడుతుంది. పెట్టేటప్పుడు ఆ పేరు చెబుతుంది. వాడుకుంటే అక్షరాలు అరిగిపోతాయని మా భయం. ఆమె చేసేది తప్పని మాత్రం అనలేకపోతున్నాం. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన ఇంటివాళ్లను మేము అడగలేదు కదా.

మేము చేయగలిగింది ఒక్కటి చేశాం. పెదనాన్న చెప్పిన నాలుగు మాటలు, ఉర్దూ మాస్టారు చదివినది, ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఒక కాగితం మీద రాసి ట్రంకులో పెట్టాం. మేము రాసిన ఆ అట్టముక్క కూడా అందులోనే ఉంచాం. మా తప్పు కూడా కథలో భాగమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులూ, మీ తాండాల్లో, గూడేల్లో మిలిట్రీకి పోయి వచ్చిన పెద్దలుంటే వాళ్లు బతికి ఉండగానే వెళ్లి కూర్చోండి. ప్రతి వస్తువుకూ మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరిది? మన చేతికి ఎలా వచ్చింది? దీనివల్ల ఎవరికి ఏం పోయింది? పేలని గుండు, గ్రెనేడు లాంటిది కనబడితే ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి. సుగ్గికి పోయేముందు పతకం అమ్ముకున్న ఇంటిని తప్పుపట్టకండి. ఆకలి కంటే పతకం పెద్దది కాదు. అమ్మేముందు ఒక ఫోటో తీసి, అంచు మీది నంబరు, పేరు రాసుకోమని మాత్రం చెప్పండి.

మూడో ప్రశ్న అడిగినప్పుడు కొందరు పెద్దలు మాట్లాడకుండా ఉండిపోతారు. తొందరపెట్టకండి. మా పెదనాన్న "అక్కడ దొరికింది" అని ఊరుకున్నాడు కదా, ఆ మౌనంలో ఏముందో ఆయన ఉన్నప్పుడు మేము అడగలేదు. మీరు అడగండి.