శౌచము – జలరక్షణము: ఒక ధర్మసందేహము

ధర్మాధర్మములలో ఒకదానిని ఎన్నుకొనుట కొంత సులభమే. రెండు ధర్మములు ఎదురుపడినప్పుడే మానవుని వివేకమునకు నిజమైన పరీక్ష. అట్టి పరీక్షకు కురుక్షేత్రమే అక్కరలేదు. వంటయింటి తొట్టి దగ్గర కూడ అది మనకు ఎదురగుచుండును.

2019వ సంవత్సరపు వేసవిలో చెన్నపట్టణమునకు నీరిచ్చు పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాక్కము జలాశయములు దాదాపుగా ఎండిపోయినవి. ఆ జూలైలో జోలార్‌పేట నుండి రైలులో నీరు తేవలసివచ్చినది. ఆ దినములలో మేము అక్కడ మా మేనత్తగారి యింట నుంటిమి. లారీ నీటిని బిందెల లెక్కన పట్టుకొనవలసి యుండెను. ఒకనాడు అత్తయ్య ఖాళీ పాల పాకెట్లను, పెరుగు డబ్బాను ముందు పెట్టుకొని చెంబెడు నీటితో కడుగుచుండగా కోడలు వారించినది.

"అత్తయ్యగారూ, తాగడానికే నీళ్ళు లేవు. పారేసే పాకెట్లకు స్నానమెందుకండీ?"

"మనం పారేస్తామమ్మా. రేపు వాటిని చేత్తో ఏరేవాడు ఒకడుంటాడు. పులిసిన పెరుగు కంపు అతని చేతికి అంటించనా?"

ఇరువురి మాటయు సత్యమే. పొడి చెత్తను, తడి చెత్తను ఇంటిలోనే వేరుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు ఆదేశించినవి. ఆ పొడి చెత్తను మరల రకరకములుగా ఏరునవి చాలచోట్ల మనుష్యుల చేతులే. డబ్బాలో మిగిలిన మెతుకు, మీగడ క్రుళ్ళి ఈగలను పిలుచును. నూనె కారి ప్రక్కనున్న కాగితమునకు అంటినచో ఆ కాగితము మరల కాగితమగుటకు పనికిరాదు. కావున కడుగుట వ్యర్థప్రయాస కాదు. కాని కొళాయి విప్పి, డబ్బా అద్దమువలె మెరయువరకు కడుగుట మాత్రము నిశ్చయముగా దుర్వ్యయము. కర్మాగారములో ప్లాస్టిక్కును ముక్కలు చేసి మరల కడుగుదురు. మనము చేయవలసినదెల్ల ఆహారశేషము లేకుండ చూచుటయే.

గీత 13వ అధ్యాయమున భగవానుడు శౌచమును జ్ఞానసాధనములలో చేర్చినాడు. నారములు అనగా జలములు. అవి అయనముగా గలవాడు నారాయణుడని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. శౌచమును కోరినవాడును, జలములందు వసించువాడును ఒక్కడే అయినప్పుడు ఆ రెంటికిని వైరమెట్లు కలుగును? ఆచమనమునకు మినపగింజ మునుగునంత నీరు చాలునని మన ఆచారము. కోవెలలో తీర్థము ఉద్ధరిణెడే. దానిని చుక్కయైన క్రింద పడనీయక స్వీకరింతుము. పవిత్రత నీటి పరిమాణములో లేదు, మన శ్రద్ధలో ఉన్నదని ఈ ఆచారములు నిత్యము బోధించుచున్నవి.

మరునాటి నుండి అత్తాకోడండ్రు ఒక మార్గమును కనుగొనిరి. బియ్యము కడిగిన నీరు గిన్నెలో నిలిపి, ముందు పాల పాకెట్లను, పిదప పెరుగు డబ్బాను అందులోనే జాడించిరి. ఆ నీరు కరివేపాకు మొక్కకు పోసిరి. తులసికి మాత్రము కాదు. నూనె పాకెట్టును కోసి, పాత గుడ్డపేలికతో తుడిచిరి. పాల పాకెట్టు మూలను కత్తిరించునపుడు ఆ ముక్క పూర్తిగా తెగిపోకుండ చూచిరి. తెగిన చిన్నముక్క ఏరువారి చేతికి చిక్కదు గదా!

ఆ పాటి నీరును లేని దినమున ఏమి చేయవలెను? దప్పిగొన్నవాని గొంతు మొదటిది, డబ్బా తరువాతిది. తుడిచి, ఆరబెట్టి ఇచ్చినను దోషము లేదు. అంతకంటె మేలైన మార్గము, కడుగవలసిన డబ్బానే ఇంటికి తేకుండుట. 2022లో తిరుమలలో ప్లాస్టిక్ నిషేధింపబడిన పిమ్మట చేతిలో చెంబో, రాగి సీసాయో పట్టుకొని కొండ ఎక్కిన యాత్రికులకు ఇది అనుభవమే. మన తాతలు నూనెకు గిన్నెతోనే అంగడికి పోయిరి.

ఇల్లు శుభ్రమైనంతనే శౌచము పూర్తి కాదు. మన యింటి గడప దాటిన వస్తువు ఎవరి చేతిని మలినపరచునో, మనము పారబోసిన నీరు ఎవరి బిందెకు అందక పోవునో తలచినప్పుడే అది అంతఃశౌచమగును. కంటికి కనబడని ఆ ఇరువురియందును అంతర్యామియై యున్న శ్రీనివాసుడు మనకు అట్టి తలంపును ప్రసాదించుగాక!