ఏలీ ఇంటి బిడ్డలు

వాక్యభాగము: 1 సమూయేలు 2:22-26, 3:11-18



హన్నా తన మ్రొక్కుబడి చొప్పున, పాలు విడిచిన సమూయేలును షిలోహులో యాజకుడైన ఏలీ యొద్దకు తెచ్చెను. పరుల బిడ్డను ఏలీ ప్రేమతోనే పెంచెను. దేవుని స్వరమును గుర్తించుట ఆ బాలునికి నేర్పినవాడు అతడే. అయితే తాను కన్న హొఫ్నీ, ఫీనెహాసులు చెడిపోవుచుండగా ఒక మాట మందలించి ఊరకుండెను. ప్రభువు సమూయేలునకు మొట్టమొదట తెలిపిన వర్తమానమేమి? కుమారులను అడ్డగింపని ఏలీ ఇంటిమీద తీర్పు. పెంచిన బిడ్డ నోటనే కన్నబిడ్డల లెక్క అడుగబడెను!

నంద్యాలలోను ఆళ్లగడ్డలోను బిడ్డను దత్తత తీసికొన గోరువారు ఈ మాట ఆలోచింపవలెను. 1956 నాటి హిందూ దత్తత చట్టము క్రైస్తవులకు వర్తింపదు. పూర్వము మనవారు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులు మాత్రమే కాగలిగిరి. ఇప్పుడు 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ఏ మతస్థులైనను దత్తత పొందవచ్చును. కాని 2022 నాటి నిబంధనలు అర్హతను పరీక్షించుచున్నవి. బాలల హక్కుల భంగము కేసులో నిందితులైనవారు అర్హులు కారు. సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి విచారించును. ఇంటిలో ఐదేండ్లు దాటిన బిడ్డ ఉన్నయెడల ఆ బిడ్డ సమ్మతియు కావలెను. అన్నియు సరిపడిన పిమ్మటనే జిల్లా కలెక్టరు ఉత్తరువు ఇచ్చును.

చట్టము కాగితమును చూచును. దేవుడు ఇంటిని చూచును. కేసు లేనంత మాత్రమున నిర్లక్ష్యము లేదనగలమా? తన మడి ఎండుచుండగా కె.సి. కాలువ నీటిని కొత్త మడికి మరల్చు రైతును నంద్యాలలో ఎవరైన మెచ్చుకొందురా? సగము చెక్కిన రాతిని ఎండకు వానకు వదలి మరియొక రాతిపై ఉలి పెట్టు శిల్పిని ఆళ్లగడ్డలో ఎవరైన నమ్ముదురా? స్వకీయులను సంరక్షింపనివాని విషయమై పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో 1 తిమోతి 5:8లో చదువుడి.

అయితే పేదరికమును నిర్లక్ష్యమని పొరబడకుడి. పొద్దున్నే కూలికి పోయి, సాయంకాలము అలసి వచ్చి, బిడ్డను దగ్గరకు తీసికొని అన్నము పెట్టు తల్లి నిర్లక్ష్యము చేయుట లేదు. అన్నియు ఉండియు బిడ్డ ఏడ్పు వినని ఇల్లే నిర్లక్ష్యపు ఇల్లు. వాడిన ఇంటికి వెలుగు తెచ్చుటకై మరియొక పసివానిని తేవలెననుకొనుట న్యాయము కాదు. ఆ పసివాడు ఇదివరకే ఒకసారి విడువబడినవాడు, రెండవసారి విడువబడకూడదు.

తప్పిన తలిదండ్రులకు ఇక నిరీక్షణ లేదా? ఉన్నది. మారుమనస్సు పొందువానిని ప్రభువు త్రోసివేయడు. కాని మారుమనస్సు కొత్త ఊయలతో ఆరంభము కాదు. పాత చాపమీద పండుకొనియున్న బిడ్డ యొద్ద మోకరించుటతో ఆరంభమగును. దాని ఫలమును ముందుగా రుచి చూడవలసినది ఆ బిడ్డయే. దత్తత తరువాతి మాట. ఒకవేళ ఆ తలుపు తెరువబడకపోయినను, దేవుడిచ్చిన బిడ్డ ఇంటిలోనే ఉన్నది.

దేవుడు మనలను దత్తపుత్రులుగా చేర్చుకొనెను. చేర్చుకొన్నవారిలో ఎవరిని మరువలేదు. ఈ రాత్రి దీపమార్పక మునుపు మీ బిడ్డ ప్రక్కను కూర్చుండి, వాడు చెప్పునది తుదివరకు వినుడి. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.