కాంట్ చెప్పిన కానరీ వైన్

‘ఈ వైన్ బాగుంది’ అన్న మాట వైన్ గురించినదా, తాగినవాడి గురించినదా? 1790లో వెలువడిన తన సౌందర్య విచారణ గ్రంథంలో తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ ఈ ప్రశ్నకు కానరీ దీవుల వైన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. అది బాగుందన్నవాణ్ణి ‘నాకు బాగుంది’ అనమని సరిదిద్దితే మారుమాట లేకుండా ఒప్పుకుంటాడట. అందమైన భవనం విషయంలో మాత్రం అలా తగ్గడు. అందరూ తనతో ఏకీభవించి తీరాలంటాడు. నాలుకకు నచ్చడం ఎవరి మటుకు వారిదేనని కాంట్ తీర్పు.

అంతకు ముందే, 1757లో, మరో తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ డాన్ కిహోటే నవల నుంచి ఒక పిట్టకథ తెచ్చాడు. అందులోని సాంచో పాంజా అనే పాత్ర చుట్టాలిద్దరు ఒక పీపాలోని వైన్ రుచి చూస్తారు. మంచిదే గానీ తోలు వాసన తగులుతోందని ఒకడు, ఇనుము రుచి వస్తోందని మరొకడు అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేస్తారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి బయటపడుతుంది. రుచిలో పసిగట్టాల్సిన నిజం ఉంటుందనీ, దాన్ని కొందరే పట్టగలరనీ హ్యూమ్ వాదన. అయితే ప్రతి పీపా అడుగునా తాళంచెవి ఉండదు.

పైగా తర్ఫీదు పొందిన నాలుకలూ మోసపోతాయి. 2001లో ప్రచురితమైన ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రయోగంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్ ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు.

షార్డొనే లాంటి పేరుమోసిన ద్రాక్ష రకాల్లో రంగుతోపాటు పేరూ ముందే తీర్పు చెప్పేస్తుంది. అందుకే మొదటి ప్రశ్నను పరీక్షించడానికి అంతగా పేరులేని తెల్ల ద్రాక్షలే నయం. అలాంటిదొకటి కాంట్ చెప్పిన కానరీ దీవుల్లోనే ఉంది. ఒకప్పుడు యూరప్‌ను ఊపిన కానరీ వైన్ మాల్వసియా ద్రాక్షతో చేసిన తియ్యటిది. ఈనాడు అక్కడి లాంజరోటే దీవిలో అదే కుటుంబపు ద్రాక్షతో తీపి లేని తేలికపాటి వైన్ ఎక్కువగా చేస్తున్నారు. 1730–36 మధ్య అగ్నిపర్వతం కక్కిన బూడిద పొలాలను కప్పేసింది. రైతులు ఆ నల్లటి బూడిదలో గుంటలు తవ్వి, కింది మట్టిలో తీగ నాటి, గాలికి అడ్డంగా అర్ధచంద్రాకారంలో రాళ్లు పేరుస్తారు. అలాంటిదే మరొకటి గ్రీసులోని శాంటోరిని దీవిలో పెరిగే అసిర్తికో ద్రాక్ష. దాని తీగను నేలమీదే బుట్టలా అల్లుతారు; మండుటెండలోనూ ఆ పండు పులుపు కోల్పోదు.

ఆ పులుపును కొలవవచ్చు. అది తాగేవాడి ఊహ కాదు. ఎండవేళ అది హాయినివ్వడం మాత్రం తాగేవాడి సంగతి. సీసాను మరీ చల్లబరిస్తే పరిమళం అణిగి, పులుపే ముందుకొస్తుంది. కాస్త వెచ్చబడితే అదే వైన్ వేరే మాట చెబుతుంది. కాబట్టి ‘నాకు’ అని చేర్చినంతమాత్రాన కాంట్ వాక్యం పూర్తికాదు. ఎంత చల్లగా, ఏ వేళ అన్నది కూడా చెప్పాలి. అవన్నీ కలిపి చెప్పాక ఆ మాటను మరొకరు అదే తీరున తాగి సరిచూడవచ్చు. నచ్చిందా లేదా అన్నది మాత్రం అప్పటికీ ఎవరిది వారిదే.