ఎట్లు నడచును?

ఇబ్రహీంపట్నమున కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు కట్టమీద సంధ్యవేళ నిలిచి ఊరివైపు చూచినచో, మిద్దెలమీది డిష్షులన్నియు, కొంచెము అటో ఇటో, దక్షిణాకాశము వంకకే మొగము త్రిప్పియుండుట కానవచ్చును. ఉత్తరమున దిగంతమునకు 17 డిగ్రీల యెత్తున ధ్రువుడు. దక్షిణమున 69 డిగ్రీల యెత్తున, 83వ తూర్పు రేఖాంశముపై మన ఉపగ్రహముల తావు. ఈ రెంటిలో నిజముగా నిశ్చలమైనది ఏది?

సవతితల్లి మాటకు నొచ్చి అడవికేగిన పసివాడు చలింపని పదమును వరముగా పొందెనని పురాణము. అయినను, భూమ్యక్షము సుమారు 26,000 ఏండ్లకొక చుట్టుగా బొంగరమువలె తూగుచుండుటచే, ఆ పదమున నేడున్న చుక్క వేరు, 5,000 ఏండ్ల క్రిందట నున్నది వేరు. పదవి స్థిరము, పదస్థుడు కాడు.

ఉపగ్రహమో, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన, సెకనుకు మూడు కిలోమీటర్లకు మించి పరుగెత్తుచు, భూమి తన చుట్టు తాను తిరుగు 23 గంటల 56 నిమిషములలోనే ప్రదక్షిణము ముగించును గనుక, మనకు నిలిచినట్లు తోచును. దిగువనున్నవి మనలను దాటిపోవును, ఎగువనున్నవి వెనుకబడును. ఆ యొక్క దూరముననే పొత్తు కుదురును. 1981 జూన్ 19న ఎగిరిన ఆపిల్ ఉపగ్రహము ఈ తరగతిలో మన మొదటిది. అంతకుముందు పరీక్షకై ఎద్దులబండి యెక్కినదియు అదియే!

గీతలో అర్జునుడు, బుద్ధి నిలిచిన స్థితప్రజ్ఞుడు ఎట్లు పలుకును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచును అని యడిగెను. నడచునా యని యడుగలేదు. నడక యుండునని యతడెరుగును. మరి లోకముతో సమముగా నడచుట లోకమునకు లొంగుటయే కదా యందురా? మిద్దెమీది డిష్షును భూమితోపాటు తిరుగుచునే యున్నది. కాని అది మోయబడుచున్నది, ఉపగ్రహము తన వేగముతో తాను పోవుచున్నది. ఆ భేదమే నాకు ముఖ్యముగా తోచును. పైగా ఈ నిలుకడ ఉచితముగా దొరకినది కాదు: సూర్యచంద్రులు దానిని ఉత్తరదక్షిణములకు లాగుచుండగా, కర్ణాటకములోని హాసన్ కేంద్రమువారి ఆజ్ఞపై అది ఇంధనము మండించుకొని మరల మరల తన తావునకు చేరుకొనవలెను.

ఆ ఇంధనము అడుగంటినపుడు, మిగిలిన కొలదిపాటితో దానిని సుమారు 300 కిలోమీటర్లు పైకి త్రోసి, తావును మరియొకదానికి విడిచెదరు. అటుపై అది మెల్లమెల్లగా పడమరకు జరుగుచుండును. దానివైపు త్రిప్పిన డిష్షు ఒక్కటియు ఉండదు.